చెక్క ఫ్లోరింగుకు దినం ఎవలు పెట్టాలె?

ఈ నడుమ మన దిక్కు కొత్తగ కట్టే ఇండ్లల్ల ఒక కోరిక మస్తుగ కనవడుతున్నది. హాలుకు గ్రానైటు, వంటింటికి టైల్సు, ఒక్క బెడ్రూముకన్న వుడెన్ ఫ్లోరింగ్. జగిత్యాల పోయినా, సిరిసిల్ల పోయినా, నిర్మల్, మంచిర్యాల దిక్కు పోయినా ఇదే ముచ్చట. ఫోన్ల రీల్సు చూసి కొందరు, దుబాయిల పెద్దోళ్ల విల్లాలల్ల పనిచేసి కండ్లార చూసొచ్చి కొందరు, అమెరికల ఉన్న కొడుకు ఇల్లు వీడియో కాల్ల చూసి కొందరు అడుగుతున్నరు. కోరికల తప్పేం లేదు. చెమటోడ్చి సంపాయించిన పైసలతోని మంచి ఇల్లు కట్టుకుంటమంటె వద్దనేటందుకు నేనెవన్ని? లొల్లంత ఆ పనికి తేదీ పెట్టే కాడ ఉన్నది. గృహప్రవేశం ముహూర్తం అయ్యగారు పెడతడు. సెలవు కంపెని పెడతది. చెక్కకు దినం ఎవలు పెట్టాలె అన్నది మాత్రం ఎవ్వలు అడుగుతలేరు.

చెక్కకు దినం పెట్టేది నీళ్లు. గాలిల ఉన్న నీళ్లు, గచ్చు కింద ఉన్న నీళ్లు, చెక్క కడుపుల ఉన్న నీళ్లు. ఈ మూడు ఒక్క తీరుకు వచ్చినాడే పలక పరవాలె. మిగిలిన ముచ్చటంత దీని చుట్టే తిరుగుతది.

ముందుగాల ఒక మోసం ముచ్చట చెప్పి ముందుకు పోత. దుకాణపాయన "వుడెన్ ఫ్లోరింగ్" అని చూపెట్టే వాటిల చానా మట్టుకు చెక్క పలకలు కావు. చెక్క పొట్టును జిగురు పెట్టి ఒత్తిన అట్ట, దాని మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, ఆ పైన గట్టి పొర. దాన్ని లామినేట్ అంటరు. ఎనిమిది మిల్లీమీటర్లదో పన్నెండు మిల్లీమీటర్లదో ఉంటది. ఒకటి రెండు దినాలల్ల పరుస్తరు. నీళ్లు అతుకులల్లకు దిగితె అంచులు ఉబ్బుతయి, ఉబ్బినవి మల్ల కిందికి పోవు. ఇంకోటి ఇంజినీర్డ్ వుడ్. కింద ప్లైవుడ్ తీరు పొరలు, పైన అసలు చెక్క పొర ఒకటి ఉంటది. ఇది కొంచెం తక్కువ కదులుతది. మూడోది నిలువెత్తు గట్టి చెక్క. టేకు, ఓక్ అసొంటివి. ఏది కొంటున్నరో ముందు తెలుసుకోండ్రి. బిల్లు మీద ఆ పేరే రాయించుకోండ్రి. అట్టకు టేకు ధర కట్టినోళ్లను నేను చూసిన.

ఇగ నీళ్ల ముచ్చట. ఇది మనకు తెల్వంది కాదు. వానకాలం దర్వాజల తలుపు పట్టుకుంటది, భుజం పెట్టి నూకితె గాని తెరుచుకోదు. అదే తలుపు ఎండకాలం అలకగ తిరుగుతది, సందుల కెల్లి ఎలుతురు కనవడతది. ఎండలకు బండి గీరెల ఆకులు వదులైతె మన తాతలు గీరెలను వాగుల, చెరువుల నానబెట్టేటోళ్లు. కట్టె నీళ్లు తాగి ఉబ్బి మల్ల బిగుసుకునేది. చెట్టును కొట్టి పదేండ్లయినా, దానికి రంగేసినా, పాలిష్ పెట్టినా, కట్టె గాలిలకెల్లి తేమ తీసుకునుడు, వదులుడు ఆపదు. జర నెమ్మదైతదంతే.

దీనికి లెక్కున్నది. గాలిల తేమ 30 శాతం కాడ చాన్నాళ్లు నిలబడితె చెక్కల తేమ 6 శాతం కాడికి దిగుతది. గాలిల 50 ఉంటె చెక్కల 9. గాలిల 75 ఉంటె చెక్కల 14. ఇప్పుడు మన దిక్కు చూడుండ్రి. రోహిణి కార్తెల ఆదిలాబాద్ల, రామగుండంల ఎండ 45 డిగ్రీలు దాటుతది, మధ్యాహ్నం గాలిల తేమ పేరుకే ఉంటది. జూన్ రెండో వారానికి, మిరుగం దాటంగనే వానలు వడతయి. శ్రావణంల ఉతికిన బట్టలు మూడు దినాలైనా ఆరవు. అంటె ఒక్క ఏడాదిల మన ఇంటి చెక్క 6 కాడికెల్లి 14 దాక ఎక్కుతది, మల్ల దిగుతది.

ఎంత ఉబ్బుతది? పచ్చి టేకు పూర్తిగ ఎండేసరికి అడ్డంల 5, 6 శాతం దాక గుంజుకపోతది. చెట్లన్నింట్ల టేకు తక్కువ కదిలే జాతి, అందుకే దానికి అంత పేరు. ఆ లెక్కన తేమ 8 పాయింట్లు పెరిగితె 4 అంగుళాల పలక మిల్లీమీటరున్నర ఉబ్బుతది. ఒక్క పలకకైతె కంటికి ఆనదు. 12 ఫీట్ల అర్రల 36 పలకలు వడతయి. కూడితె 54 మిల్లీమీటర్లు, రెండు అంగుళాల పైన. ఇది కాగితం మీది లెక్క. ఇంట్ల గాలి బయటి గాలంత మారదు. చెట్టు నడిమి గుండె కెల్లి బెరడు దిక్కు కోసిన పలక దీంట్ల సగమే కదులుతది. అట్ల సగమే అనుకున్నా అంగుళం. గోడకు గోడకు సందు లేకుంట బిగిచ్చి పరిస్తె ఆ అంగుళం ఎటు పోవాలె? పైకే లేస్తది. అందుకే నాలుగు దిక్కుల గోడ కాడ 12 మిల్లీమీటర్లకు తక్కువ కాకుంట సందు ఇడువాలె, దాని మీద స్కర్టింగ్ పట్టీ కప్పాలె. ఆ పట్టీని గోడకు కొట్టాలె గని పలకకు కొట్టొద్దు.

ఇప్పుడు క్యాలెండర్ తీయుండ్రి. నడి ఎండకాలంల పరిస్తె చెక్క ఎండి సన్నగ ఉంటది, వానలు వడంగనే ఏడాది ఉబ్బంత ఒక్కపారి చూపెడతది. నడి వానకాలంల పరిస్తె ఉబ్బి ఉన్న చెక్కను పరిచినట్టు, మల్ల ఎండకాలానికి పలకల నడుమ సందులు వడతయి, ఆ సందులల్ల మట్టి కూసుంటది. రెంటికి నడిమి కాలం మనకు కార్తీకం కెల్లి మాఘం దాక ఉంటది. గాలి నడిమి తీరుల ఉంటది, చెక్క 9, 10 శాతం కాడ కుదురుకుంటది. అప్పుడు పరిస్తె అటు కొంచెం, ఇటు కొంచెం కదులుతది, గోడ కాడి సందు సరిపోతది. మాఘంల గృహప్రవేశం ముహూర్తాలు సుత మస్తుగుంటయి గనక అయ్యగారితోని కొట్లాట లేదు.

మరి మనం చేస్తున్నదేంది? ఆషాఢంల గృహప్రవేశం చెయ్యరు. శ్రావణం రాంగనే ముహూర్తాలు మొదలు. కొడుకు గల్ఫు కెల్లి రెండేండ్లకు ఒక్కపారి రెండు నెలల సెలవు మీద వస్తడు, ఆ సెలవును శ్రావణానికి కలుపుకుంటడు. అంటె లోపలి పనంత ఆషాఢం వానలల్ల వడతది. గోడలు తడి, గచ్చు తడి, గాలి తడి. ఆ తడిల చెక్క తెచ్చి "పది దినాలల్ల అయిపోవాలె" అని వడ్లాయన మీద కూసుంటరు.

జగిత్యాల దిక్కు ఒక ఊర్ల గిసొంటి పంచాయితిల నేను కూసున్న. పేర్లు ఎందుకులే. ఇంటాయన గల్ఫుల డ్రైవరు. మంచి టేకు, ఎండిన టేకే కొన్నడు. పలకల కింది కాంక్రీటు వేసి మూడు వారాలు కాలేదు. ముహూర్తం దగ్గరకొచ్చిందని దాని మీదనే పరిపిచ్చిండు. కింద ప్లాస్టిక్ కవరన్న వేద్దమని వడ్లాయన అన్నడట, దానికి సుత ఒక దినం వడతదని వినలే. గృహప్రవేశం మంచిగనే అయింది. నెల తిరిగేసరికి పలకలు మోదుగాకు దొప్పల తీరు అంచులు లేచినయి. పలక కింది దిక్కు కాంక్రీటు నీళ్లు తాగి ఉబ్బింది, పై దిక్కు ఎండే ఉన్నది, ఇగ వంగక ఏమైతది? సెలవు అయిపోతున్నదని ఇంటాయన వెంటనే మిషన్ తెప్పిచ్చి లేచిన అంచులను చెక్కిచ్చి సాపు చేపిచ్చిండు. ఇది రెండో దెబ్బ. దొప్ప లేచిన చెక్కను ముట్టుకోవద్దు, కింది తడి ఆరేదాక ఆగితె చానా మట్టుకు అదే దిగుతది. అంచులు చెక్కిచ్చినంక చెక్క ఎండి సదురైనప్పుడు అంచులు పల్లమైతయి, నడుమ ఉబ్బు మిగులుతది. ఎండకాలానికి గట్లనే అయింది. ఎవలి తప్పు? పంచాయితిల అందరి వేలు వడ్లాయన దిక్కే లేచింది. బాకీ ఉన్న కూలిల సగం కోసిండ్రు. తొందర పెట్టింది ముహూర్తం, తడి పెట్టింది కాంక్రీటు, పైసలు పోయింది రంద పట్టినాయనవి. నేను గట్టిగనే మాట్లాడిన, నా మాట నెగ్గలే.

గందుకే కాంక్రీటు ముచ్చట జర ఇడమర్చి చెప్త. కాంక్రీటుకు క్యూరింగ్ వేరు, ఆరుడు వేరు. నీళ్లు కొట్టి గట్టిపరిచేది క్యూరింగ్, 28 దినాలకు దాని బలం వస్తదంటరు. బలం వచ్చినంత మాత్రాన ఆరినట్టు కాదు. నీళ్లు కొట్టుడు బందు పెట్టినాడే ఆరుడు మొదలైతది. మందం ఒక్క అంగుళానికి ఒక్క నెల అన్నది పనోళ్ల మోటు లెక్క. నాలుగు అంగుళాల గచ్చుకు నాలుగు నెలలు. అది సుత గాలి ఆడితె. వానకాలంల ఇంకా సాగుతది. పైకి తెల్లగ కనవడుతుంది గదా అంటె లోపల తడి ఉండొచ్చు.

చూసుకునే ఉపాయం అగ్వదే. ఒకటిన్నర ఫీటు ఎడల్పు, అంతే పొడుగు మందపు ప్లాస్టిక్ కవరు ముక్క తీసి, గచ్చు మీద పరిచి, నాలుగు అంచులు టేపుతోని గాలి పోకుంట అంటిపెట్టుండ్రి. ఒక రాత్రి, ఒక పగలు ఇడిసి తీసి చూడుండ్రి. కవరు లోపల నీటి బొట్లు పట్టినా, గచ్చు నల్లబడినా ఇంకా ఆరలేదన్నట్టు. రెండు మూడు తావుల చేయుండ్రి, బాత్రూము గోడ పక్కన తప్పక చేయుండ్రి. బొట్లు లేకున్నా పలకల కింద ప్లాస్టిక్ పొర వేసుడు మానొద్దు.

చెక్కకు సుత అసొంటి ఉపాయమున్నది. తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతది, రెండు సూదులు గుచ్చితె అంకె చూపెడతది. పెద్ద పని పట్టుకునే వడ్లాయన దగ్గర అది ఉండాలె. లేకుంటె కిరాణ దుకాణం కాంట ఉన్నది. తెచ్చిన పలకలల్ల కెల్లి ఒక జానెడు ముక్క కోసి, తూకం వేసి, దాని మీదనే పెన్నుతోని తేదీ, గ్రాములు రాయుండ్రి. ఆ ముక్కను ఫ్లోరింగ్ వేసే అర్రలనే పెట్టుండ్రి. వారానికోపారి తూకం వేయుండ్రి. తగ్గుతున్నదంటె ఇంకా ఎండుతున్నది. రెండు వారాలు ఒక్క తీరుగ నిలబడితె ఆ అర్ర గాలికి చెక్క అలవాటైనట్టు. పలకలను సుత అదే అర్రల, వరుసకు వరుసకు నడుమ సన్న బద్దలు పెట్టి, గాలి ఆడేటట్టు పేర్చాలె. కట్ట ఇప్పకుంట మూలకు పడేస్తె నెల ఉంచినా లాభం లేదు.

అమెరికల చెక్క ఫ్లోరింగ్ పనోళ్లకు ఒక సంఘమున్నది, నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్. పలకలకు, వాటి కింద పరిచే చెక్క లేదా ప్లైవుడుకు నడుమ తేమ తేడా 4 శాతం దాటొద్దని, 3 అంగుళాలు, అంతకు ఎక్కువ ఎడల్పు పలకలైతె 2 శాతం దాటొద్దని వాళ్ల లెక్క. అక్కడి ఇండ్లకు ఇంకో సౌలతున్నది. చలికి హీటరు, ఎండకు ఏసీ, ఏడాది పొడుగూత కిటికీలు మూసే ఉంటయి. ఇంట్ల తేమను 30, 50 శాతం నడుమ పట్టి ఉంచుతరు. మనం కిటికీలు తెరిచి బతికేటోళ్లం. కొడుకు ఇంట్ల మంచిగున్నదని ఇక్కడ సుత గట్లనే ఉంటదనుకోవద్దు.

ఇగ ఎనకకెల్లి లెక్క పెడుదం. మాఘంల గృహప్రవేశం అనుకోండ్రి, అంటె జనవరి ఆఖరు, ఫిబ్రవరి. 12 ఫీట్ల అర్రకు పలకలు పరిచేది ఇద్దరు పనోళ్లకు రెండు మూడు దినాల పని. మిషన్ పెట్టి సాపు చేసుడు ఒక దినం. పాలిష్ రెండు మూడు కోట్లు, కోటుకు కోటుకు నడుమ ఆరాలె. అంత కలిపి పది దినాలు పట్టుకోండ్రి. పాలిష్ అయినంక ఒకటి రెండు దినాలకు ఉత్త కాళ్లతోని నడవొచ్చు, మంచం, బీరువా పెట్టేటందుకు వారమన్న ఆగాలె, చాప, కార్పెటు పరిచేటందుకు నెల ఆగాలె. అంటె సంక్రాంతికి ముందే పని మొదలు పెట్టాలె. పలకలు నవంబర్ ఆఖరుకల్ల అర్రలకు రావాలె. అవి రాకముందే లప్పం, రంగులు, బాత్రూము టైల్సు అన్ని తడి పనులు అయిపోవాలె, కిటికీలకు అద్దాలు వడాలె, నల్లాల పైపులకు నీళ్లు ఇడిసి లీకులు చూసుకోవాలె. గోడల ప్లాస్టరింగ్ దసరా లోపల. గచ్చు కింది కాంక్రీటు ఇంకా ముందు, జులై దాటకుంట. స్లాబు మిరుగానికి ముందే వడితె వానలల్ల లోపలి పని ఆరుకుంట నడుస్తది. చూసిండ్రు గదా, పలకలు పరిచేది మూడు దినాలు, దానికి తయారయ్యేది ఎనిమిది నెలలు.

ఈ లెక్క కుదరకుంటె? శ్రావణంలనే సెలవు దొరికితె? దానికి సుత తొవ్వ ఉన్నది. ఆ అర్ర గచ్చును ఉత్తగ సిమెంటుతోనే ఇడిసిపెట్టి గృహప్రవేశం చేసుకోండ్రి. ఆవు ఇంట్లకు వస్తది, హోమం కాలుతది, పసుపు నీళ్లు చల్లుతరు, నూరు మంది తిరుగుతరు. ఏ లెక్కన చూసినా ఆ దినం కొత్త చెక్క ఆడ లేకుండుడే మంచిది. చలికాలం వచ్చినంక ఇంటోళ్లే దగ్గరుండి వేయించుకోవచ్చు. గచ్చు ఎత్తు మాత్రం ముందే లెక్క పెట్టాలె. ప్లైవుడ్, పలక కలిపితె 30 మిల్లీమీటర్లు అటు ఇటు వస్తది. పక్క అర్ర టైల్సుకు అంత కిందికి ఇడువకుంటె గడప కాడ కాలు తట్టుకుంటది, తలుపును కింద కొయ్యాలె.

హాలుకు, వంటింటికి చెక్క వద్దన్నది నా మాట. పండుగొస్తె బకిట్లకొద్ది నీళ్లు గుమ్మరిచ్చి ఇల్లు కడిగే అలవాటు మనది. శాబాదు బండ దానికి ఓర్సుకుంటది, చెక్క ఓర్వదు. కరీంనగర్ గుట్టలను పేల్చి గ్రానైటు బండలను కాకినాడ రేవు మీదుగ చైనాకు పంపుడు, బయట దేశాల లామినేట్ పెట్టెలు తెచ్చుకునుడు – ఈ ఏపారం మీద వేరే రాయాలె, ఇప్పుడు కాదు.

చెక్క ఏడ కొనాలె అన్నది సుత తేదీల ముచ్చటే. అటవీ శాఖ డిపోలల్ల టేకు వేలం వేస్తరు, సా మిల్లులల్ల బిల్లు మీద దొరుకుతది. పట్టా భూమిల పెంచిన టేకును కొట్టి తరలియ్యాలన్నా పర్మిట్ కావాలె. అది ఇంటికి రావాలంటె దినాలు వడతయి గనక ముందుగాల మొదలుపెట్టాలె. "అగ్వకు ఇస్త, రాత్రికి దింపుత" అనేటోడు తయారైతడు. కేసు భయం ఒకటి, కట్టె భయం ఇంకోటి. దొంగ కట్టె మొన్న కొట్టి నిన్న కోసింది, పచ్చిది. ఒక్క అంగుళం మందం పలక నీడల ఉత్త గాలికి ఆరాలంటె ఒక ఏడాది అని పాత వడ్లోళ్ల లెక్క, బట్టీల ఎండబెడితె వారాలల్ల అయితది. దొంగ కట్టెకు బట్టీ ఏడిది? మీదికెల్లి లేత చెట్టు, తెల్ల కట్టె ఎక్కువ. చెదలు ముందు తెల్ల కట్టెనే పట్టుకుంటయి, చేవ ఉన్న ఎర్ర కట్టె జోలికి బిరాన పోవు. పునాది కాడనే చెదల మందు కొట్టిపియ్యుండ్రి.

అడివి ముచ్చట వచ్చింది గనక ఒక్క మాట. 1940ల జోడేఘాట్ కాడ కుమ్రం భీం ప్రాణమిడిసింది ఈ అడివి మీద, ఈ నేల మీద హక్కు కోసమే. 2012ల కవ్వాల్ అడివి పులుల రిజర్వు అయింది. ఇయ్యాల సుత ఆ అడివి అంచున ఉన్న గోండు, కొలాం గూడేలల్ల ఇంటికి ఒక దూలం తెచ్చుకుంటె కేసు భయమే. అక్కడి కెల్లి రాత్రికి రాత్రి దిగిన టేకును మన బెడ్రూముల పరుచుకుని మెరిపిచ్చుడు నాకు నచ్చదు. బిల్లు అడుగుండ్రి.

ఆఖరుకు కాగితం ముచ్చట. పలకలు పరిచే ముందటి దినం వడ్లాయన, ఇంటోళ్లు ఇద్దరు నిలబడి గచ్చు కవరు తీసి చూడాలె, చెక్క తేమ అంకె చూడాలె, తేదీతోని రాసి ఇద్దరు సంతకం పెట్టాలె, ఫోన్ల ఫొటో తీసి ఇద్దరి దగ్గర ఉంచుకోవాలె. అంకె ఎక్కువుంటె పని ఆపే హక్కు వడ్లాయనకు ఉంటదని, ఆగిన దినాలకు ఆయన బాకీ కొయ్యమని అదే కాగితం మీద రాయుండ్రి. తడి మీదనే వేయమని ఇంటోళ్లు జబర్దస్తీ చేస్తె అది సుత రాయాలె. రాజస్థాన్, యూపీ కెల్లి వచ్చే పనోళ్లతోని అయితె హిందీల రాయిపియ్యుండ్రి, వాళ్లు చదివి సంతకం పెట్టేటట్టు. సెలవుకు ఇంకా టికెటు కొననోళ్లు, వచ్చే మాఘం మీద కన్నున్నోళ్లు, ముందు మీ మేస్త్రికి ఫోన్ చేసి కాంక్రీటు ఏ తారీకున పోసిండో, నీళ్లు కొట్టుడు ఏ తారీకున బందు పెట్టిండో అడిగి గోడ మీద రాయిపియ్యుండ్రి.